సత్తవ్వ కోసిన నాలుగు మూలల నేపాల్

సిరిసిల్లలో మహిపాల్ షెడ్డులో జెండాల గుడ్డ కోసేది సత్తవ్వ. ఇరవై ఏండ్లుగా ఆమే. ఎన్ని పార్టీలు పుట్టినా, ఎన్ని మునిగినా అన్నిటి జెండాలూ ఆమె కత్తెర కింది నుంచే పోయాయి. గెలిచి ఊరేగినవాడు ఒక్కడూ ఇది కోసిందెవరని అడగలేదు. అడక్కపోతే పోనీ. కోత బల్ల తనది, అది చాలు.

ఇప్పుడు ఆ బల్లకే ఎసరొచ్చింది. కరెంటు కత్తెర కొని పందొమ్మిదేండ్ల శ్రీజకు అప్పజెప్పాలని, సత్తవ్వను మడతలు పెట్టడానికి కూర్చోబెట్టాలని మహిపాల్ ఆలోచన.

"గీ ఒక్క ఆర్డర్ సక్కగ పోనీ సత్తక్కా, మిషన్ సంగతి మర్సిపోత" అన్నాడు.

బెంగళూరులో ఇరుగుపొరుగు దేశాల ఫుట్‌బాల్ పోటీలు. మనవాళ్లతో నేపాల్‌వాళ్లు ఆడే రోజుకు మూడు వందల నేపాల్ జెండాలు కావాలట. జగిత్యాల ఏజెంటు ఖాలిద్ కోరుట్లలో ఓ దుకాణం నుంచి నమూనా తెప్పించి పంపాడు.

నమూనా రాగానే దాని మూలన చిన్న ముక్క కత్తిరించి వేడినీళ్లలో వేసి, రంగు దిగుతుందేమో చూడటం ఈ పనిలో అలవాటు. సత్తవ్వ నమూనా విప్పింది. ఎర్ర గుడ్డ, నీలి అంచు, పైన చంద్రుడు, కింద సూర్యుడు. కుడిపక్క మాత్రం సగం గుడ్డే లేదు. రెండు చోట్ల ఏటవాలుగా కోసేసి ఉంది.

"అబ్బో! కోరుట్లోళ్లు ఇంత, జగిత్యాలోళ్లు ఇంత! రంగు సూసుడా, లాగు కుట్టిచ్చుకునుడా? పైంగ ఎవలకు తెల్వకుంట అంచు గూడ కుట్టిండ్రు దొంగలు!"

"పెద్దమ్మా, ఫోన్ల ఒక్కపారి సూద్దామా?" అని శ్రీజ నసిగింది.

"ఫోన్ నాకు చెప్తదా? జెండా అంటే నాలుగు మూలలు బిడ్డా."

మూడు రోజుల్లో మూడు వందల జెండాలు తయారయ్యాయి, అన్నీ నాలుగు మూలలతో. సాయంత్రం ఐదింటి లారీకి వెయ్యాలని పొద్దున్నే వచ్చిన ఖాలిద్ కట్ట విప్పాడు.

"అక్కా, ఇదేంది?"

"నేపాల్."

"నేపాల్ కాదక్కా, పరుపు మీది దుప్పటి!"

"మీరు కోసుకపోయిన గుడ్డ నేను నింపిన. ముందుగాల షుక్రియా చెప్పు!"

ఖాలిద్ కట్ట మీద కూలబడి కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. ఆ తర్వాత ఫోన్ చూపించాడు. "వాళ్ల జెండానే గిట్లుంటదక్కా. దునియాల నాలుగు మూలల్లేని దేశం జెండా గదొక్కటే."

మహిపాల్ నవ్వలేదు. "ఇగ మిషన్ తెప్పియ్యాల్సిందే" అన్నాడు.

సత్తవ్వ నోరు పెద్దదే కానీ అబద్ధానికి తిరగదు. "తప్పు నాదే. అడగకుంట కోసిన. ఐదింటిదాక బల్ల కాడికి ఎవ్వలు రావద్దు. శ్రీజా, నువ్వు రా. ఆ ఫోన్ పట్టుకొని కొలత చెప్పు."

మూడు వందలూ మళ్లీ కత్తెర కిందికి వచ్చాయి. ఏటవాలు అంచులకు నీలిగుడ్డ చాలలేదు. మొన్న ఎన్నికల్లో ఓడినవాడు తీసుకుపోని నీలి కండువాల మూట మూలన పడి ఉంది. సత్తవ్వ దాన్ని ఈడ్చుకొచ్చింది. "మనకు ఏం చెయ్యకపాయె, నేపాలోళ్లకన్న అక్కెరకొస్తడు!" కుట్టుమిషన్లు ఊపిరాడకుండా తిరిగాయి. ఐదింటికి ఐదు నిమిషాల ముందు లారీ నిండింది.

ఆట రోజు షెడ్డంతా శ్రీజ ఫోన్ చుట్టూ మూగింది. అందరి చూపూ బంతి మీద, సత్తవ్వ చూపు జనం మీద.

"ఆగు, వెనుకకు తిప్పు!"

"లైవ్ పెద్దమ్మా, వెనుకకు పోదు."

"గాడు ఊపేది నా కోతే! కింది మూల జర వంకర పోయింది సూడు... ఏయ్! జెండాతోని చెమట తుడుస్తడేంది, వానికి తువ్వాల లేదా?"

షెడ్డంతా గొల్లున నవ్వింది. మహిపాల్‌కూ నవ్వాగలేదు. "సరే సత్తక్కా, మిషన్ తెప్పియ్యను. కానీ ఇగ నుంచి కోసే ముందల శ్రీజ ఫోన్ల సూస్తది."

"సూడనియ్యి, సూసి చెప్పనియ్యి. నా కత్తెర మీద చెయ్యి వేస్తే మాత్రం ఊకోను."

శ్రీజ ఫోన్ మీంచి కళ్లు తియ్యకుండానే తలూపింది. ఆమె ఏం విన్నదో ఏమో, నేపాల్‌వాడు బంతి తీసుకుని మన గోలు వైపు ఉరుకుతున్నాడు.