పాచి పట్టిన సగం

వేట నుంచి తిరిగి వచ్చిన మావయ్యకి ఆ పొద్దున ఒడ్డు దొరకలేదు. సముద్రంలోకి దిగే సిమెంటు ర్యాంపు ఉంది. దాని పైకొసన రాత్రికి రాత్రి మొలిచిన ఇనుప గేటు, గేటుకి తాళం. పడవని నీళ్ల అంచుదాకా తేగలడు కానీ పైకి లాగాలంటే మనుషులు కావాలి. ఆ మనుషులందరం గేటుకి ఇవతల ఉన్నాం. పడవలో చేపలు మెత్తబడుతుంటే ఆయన అక్కడే నిలబడి గొణుగుతున్నాడు. ఆ అలవాటుకే ఆయన్ని గొణుగుడు మావయ్య అంటాం. చివరికి రాళ్లగుట్ట వైపు చుట్టి వెళ్లి, గంపలు చేతులు మార్చి పైకి చేర్చాం. సగం చేపలు పారబోయాల్సి వచ్చింది.

గేటుకి బోర్డు కట్టారు. పాచి వల్ల ప్రమాదమట, మరమ్మతుల కోసం మూసివేతట. బోర్డు ప్రభుత్వానిది. పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నవాడు మాత్రం ఈ ఒడ్డు మీద కన్నేసిన హోటలు కంట్రాక్టరు మేనేజరు. నేను పడవల ఇంజన్లు బాగుచేస్తాను, ఏ శబ్దం దేనిదో నాకు తెలుస్తుంది. జనం వాడుకునే ర్యాంపుకి నీ కాపలా ఏమిటయ్యా అని అడిగితే వాడు నవ్వాడు. అది పెత్తనం నవ్వు. ఫ్యాక్టరీల్లో, కాలేజీల్లో మీరూ చూసే ఉంటారు.

"మీలోవాళ్లే కంప్లయింట్ ఇచ్చారు," అన్నాడు.

ఆ ఒక్క మాట చాలింది. అందరం కయాకుల వాళ్లనే, అంటే సరదాకి సన్నటి తెడ్డు పడవలు నడిపేవాళ్లనే, అనుమానించాం. వాళ్లు విద్యార్థులు, ఆస్పత్రి నర్సులు, గుమాస్తాలు. ర్యాంపులో ఒక సగం మా పడవలకి, ఒక సగం వాళ్ల కయాకులకి. వారం కిందట వాళ్ల సగం మీదే ఒక నర్సు కాలు జారి మణికట్టు విరగ్గొట్టుకుంది. నిజానికి అక్కడ ఎవరూ జారకూడదు. ఆటుకి నీళ్లు తగ్గగానే ర్యాంపు మీద ఎవరుంటే వాళ్లు బ్రష్షు పట్టి పాచి తోమాలి, ఎవరి సగమని చూడకూడదు. అది మేమూ వాళ్లూ కలిసి పెట్టుకున్న పద్ధతి.

ఆ సాయంత్రం వలల షెడ్డులో మీటింగు పెట్టాం. కుర్రకారు కయాకులు పగలగొడదామంది. వలలు అల్లే అత్త, మనల్ని తరిమేసి వాళ్లు ఆడుకోవాలని చూస్తున్నారంది. ఈ నెలంతా మేనేజరు టీకొట్ల చుట్టూ ఎందుకు తిరిగాడు, ఎవరెవరితో గుసగుసలాడాడు అని నేనడిగాను. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను కూడా పక్కవాడి వైపు అనుమానంగానే చూశాను.

అప్పుడు చేతికి కట్టుతో ఆ నర్సే లోపలికి వచ్చింది. వెనక ముగ్గురు విద్యార్థులు. ఎవరూ కూర్చోమనలేదు.

"నేను కంప్లయింట్ ఇవ్వలేదు. మేనేజరే ఆస్పత్రికి వచ్చాడు. మీరు కావాలనే పాచి వదిలేశారని రాసిన కాగితం మీద సంతకం పెట్టమన్నాడు. పెట్టలేదు. కానీ నాకొకటి చెప్పండి. మా సగం ఎందుకు తోమలేదు?"

మావయ్య లేచాడు, ఈసారి గొణగలేదు.

"ఆ రోజు ర్యాంపు మీదున్న మావాళ్లకి తోమొద్దని నేనే చెప్పానమ్మా. చేపల కంపు పడటం లేదు, మమ్మల్ని పంపించెయ్యమని మీరు అర్జీ పెట్టారని వాడు నా చెవిలో ఊదాడు. నమ్మాను. పడవ దిగకపోతే నా ఇల్లెట్లా గడుస్తుందని భయపడ్డాను. నీ చెయ్యి విరిగింది నా వల్లే."

విద్యార్థులు మండిపడ్డారు. కయాకులని నిషేధించమని మీరు అడుగుతున్నారంటూ వాడు మాకూ చెప్పాడని అరిచారు. అరుస్తూ అరుస్తూ ఉండగానే విషయం అందరికీ ఒకేసారి అర్థమైంది. సిగ్గేసింది, దాని వెంటే ఒళ్లు మండింది.

నర్సు మాత్రం మావయ్య వైపే చూస్తోంది. "నీ మీద నాకింకా కోపమే. అది తర్వాత తేల్చుకుందాం. వాడి గేటు ఆ పాచి మీదే నిలబడింది. ముందు దాన్ని తోమేద్దాం."

గేటు నేల వైపే ఉంది, సముద్రానికి గేటు లేదు. మర్నాడు ఆటు వేళకి రాళ్లగుట్ట దగ్గర పడవలూ కయాకులూ ఎక్కి, నీళ్ల మీంచి ర్యాంపు మీదికి దిగాం. నర్సు మావయ్య పడవలోనే వచ్చింది, పెద్దగా మాట్లాడలేదు. నమ్మకం ఇంకా పూర్తిగా కుదరలేదు, అందుకే వాళ్ల సగం మేము తోమాం, మా సగం వాళ్లు తోమారు. ఒకరి పనిని ఒకరు ఓరకంట చూస్తూనే ఉన్నారు. సిమెంటు తెల్లగా తేలింది.

మేనేజరు పోలీసులని పిలిపించాడు. వాళ్లు గేటు అవతలే ఆగిపోయారు. మమ్మల్ని పట్టుకోవాలంటే తాళం తియ్యాలి మరి. ఇన్‌స్పెక్టరు తియ్యమన్నాడు. మేనేజరు తాళంచెవి పట్టుకుని నసిగాడు, ఒకసారి తెరిస్తే గేటు మళ్లీ పడదని వాడికి మాకన్నా ముందే అర్థమైంది. ఇన్‌స్పెక్టరు కసిరాక తెరిచాడు.

పోలీసులు కిందికి దిగి మావయ్యనీ నర్సునీ పట్టుకున్నారు. మిగతా అందరం మావయ్య పడవకి చేతులు వేశాం. పడవ ముట్టనివాడు లేడు. ఈడ్చుకుంటూ పైకి తెచ్చి గేటు మధ్యలో నిలబెట్టాం.

వాళ్లిద్దర్నీ ఎక్కించిన పోలీసు వ్యాను కిటికీ జాలీ వెనక నుంచి మావయ్య గొణుగుడు వినబడింది.

"ఆ కింది మూల పాచి అలాగే ఉంది. ఎవరి సగమో చూడకండి, తోమండి."

వ్యాను కదిలింది. మేనేజరు గేటు వెయ్యబోతే అది పడవకి కొట్టుకుని ఆగింది. అత్త, ఆ ముగ్గురు విద్యార్థులు, నేను బ్రష్షులు తీసుకుని కింది మూలకి దిగాం. మిగతావాళ్లు పోలీస్ స్టేషన్ వైపు నడిచారు.