రొట్టెలక్క గది మీది పొగగొట్టం

మీరే చంపారు. ఇంటి ఓనరుగారూ, ఏజెంటుగారూ, మీరిద్దరూ కలిసి మా రొట్టెలక్కను చంపారు. "గారు" అంటున్నానని మర్యాద అనుకోకండి. అలవాటు, ఇంకా నోట్లోంచి పోలేదు.

ఈ ఫ్లాటులో మేం ముగ్గురు ఆడవాళ్లం. మూడు దేశాలు. నేను లాండ్రీలో ఇస్త్రీ చేస్తాను. పిచ్చుక హోటల్లో గదులు తుడుస్తుంది. గుప్పెడంత మనిషి, నోరు మాత్రం ఊరంత, అందుకే ఆ పేరు పెట్టాను. రొట్టెలక్క బేకరీలో రాత్రంతా పిండి పిసికేది. ముగ్గురికీ కలిసిన భాష నాలుగు ముక్కలు, అదీ ముగ్గురికీ వంకరే. అందుకని నేనే తెలుగు వరసలు నేర్పాను. పిచ్చుక నన్ను "వదినా" అనేది.

"మీ అన్నని నేనెప్పుడు చేసుకున్నానే?" అంటే, "చూస్తే పారిపోతావ్, అందుకే చూపించలేదు" అనేది. రొట్టెలక్క పొట్ట పట్టుకుని నవ్వేది. నవ్వితే కనుబొమల్లోంచి పిండి రాలేది.

పొద్దున ఏడింటికి వచ్చి, స్నానం చేసి పడుకునేది. తలుపు గడియకి తువ్వాలు వేలాడుతుంటే నిద్రలో ఉన్నట్టు. తట్టకూడదు, పిలవకూడదు. ఇల్లు తగలబడితే తప్ప లేపకూడదని మేమే పెట్టుకున్న కట్టుబాటు. రాత్రి డ్యూటీ మనిషి నిద్ర ఎంత ఖరీదో పక్కన ఉన్నవాళ్లకే తెలుస్తుంది.

బాత్రూంలో గ్యాస్ గీజరు. దాని పొగగొట్టం గోడ దాటి బయటికి పోవాలి. పోలేదు. రొట్టెలక్క గది మీద, అట్టల సీలింగులోనే ఆగిపోయింది. పిచ్చుకే కుర్చీ ఎక్కి కనిపెట్టింది. "వదినా, దీని మూతి లోపలే ఉంది!" ఏజెంటుగారూ, మీకు మూడుసార్లు చెప్పాం. మూడోసారి మీ మనిషి ఒకడొచ్చి గొట్టానికి టేపు చుట్టి, మా టీ తాగి పోయాడు. రొట్టెలక్కకి రోజూ తలనొప్పి. "పొయ్యిల వేడి" అనేది. మేమూ అదే అనుకున్నాం. మా బుర్రలు మండా!

మంగళవారం నాకు సెలవు. చలి ఎముకలు కొరుకుతోంది. వేన్నీళ్లతో తలంటుకున్నాను. నీళ్లు వేడిగా వస్తున్నాయి కదా అని దుప్పట్లు కూడా ఉతికేశాను. గీజరు గంటన్నర మండింది. దాచను, దాన్ని మండించింది నా చెయ్యే. పని నుంచి వచ్చిన పిచ్చుక బకెట్టు కింద పడేస్తే, "అక్క లేస్తుందే, గాడిదా!" అని తిట్టాను కూడా.

నాలుగింటికి లోపల ఫోను మోగింది. బడి నుంచి రాగానే, వాళ్ల దేశంలో ఉన్న రొట్టెలక్క కూతురు చేసే ఫోను. మోగి ఆగింది. మళ్లీ మోగింది.

"తలుపు తీద్దామా వదినా?"

"తువ్వాలుంది కదే. రాత్రంతా నడుం విరిగేట్టు చేసొచ్చింది. పడుకోనీ."

ఆరింటికల్లా లేచి కూర తరిగే మనిషి ఆరున్నరకీ లేవలేదు. అప్పుడు తీశాం. ఒళ్లు మంచు ముక్క. గీజరు విషగాలి సీలింగులోంచి ఆమె గదిలోకి దిగింది.

ఏజెంటుగారూ, నిన్న మీరు కాగితం తెచ్చారు. గీజరు బాగానే ఉంది, గది వెంటిలేటరులో ఆమే గుడ్డలు కుక్కుకుంది అని మేం సాక్ష్యం చెప్పినట్టు రాసి ఉంది. సంతకం పెడితే ఉండొచ్చట. పెట్టకపోతే ఆదివారానికి సామాను వీధిలో. ఆ గదికి వెంటిలేటరే లేదయ్యా! లేని కన్నంలో గుడ్డలెలా కుక్కుతుంది?

ఇంటికి ఫోన్ చేస్తే మా ఆయన, "ఊళ్లో పెళ్లికి కుక్కల హడావిడి, నీకెందుకే? పెట్టేసి ఊరుకో" అన్నాడు. పిచ్చుకదీ అదే పాట. "పెట్టేద్దాం వదినా. చచ్చినావిడ లేచొస్తుందా? ఈ చలిలో నేనెక్కడికి పోను?" దాన్ని తిట్టలేకపోయాను. నాకు మాత్రం ఎక్కడుంది గూడు?

ఇవాళ ఆ కూతురు నా నంబరు పట్టుకుని చేసింది. పన్నెండేళ్లుంటాయి. మా ముగ్గురికీ కలిసిన ఆ భాషలో, బడిలో నేర్చిన ముక్కలతో అడిగింది: "అమ్మే గాలి మూసుకుందని ఒకాయన చెప్పాడు. అమ్మ తప్పా?"

"కాదమ్మా" అన్నాను. గీజరు వెలిగించింది నేనని కూడా చెప్పాను. ఏడవలేదు. ఫోను పెట్టేసింది.

పక్కన కూర్చుని అంతా విన్న పిచ్చుక సంతకం కోసం తెచ్చిన కలం తీసుకెళ్లి చెత్తబుట్టలో పడేసింది. ఏడుస్తూనే.

కాబట్టి వినండి. మా సంతకాలు మీకు దొరకవు. మీ కాగితం చింపను, దాచుకుంటాను, పోలీసులకి అదే చూపిస్తాను. ఈ బిల్డింగులో మా ఫ్లాటు లాంటివి ఇంకా ఇరవై ఉన్నాయి, అన్నిటికీ ఒకే మేస్త్రీ. సీలింగులు విప్పండి, అందరి ముందూ విప్పండి. గొట్టాలు గోడ దాటించండి. తప్పు మీదేనని మీ చేత్తో ఆ పిల్లకి రాయండి. నా తప్పూ రాయండి, ఒప్పుకుంటాను. కానీ అదంతా తర్వాత. పై అంతస్తులో ఎవరో నీళ్లు కాచుకుంటున్నారు, చప్పుడు వినపడుతోంది. ముందు గ్యాసు ఆపండి.