గట్టిపడేలోపు

క్వారీ నుంచి వచ్చే తెల్లరాయి గోటితో గీస్తే గీత పడేంత మెత్తన. దాన్ని పిండి కొట్టి, పెద్ద బాండీలో పోసి బట్టీ మీద కాలుస్తారు. చుక్క నీళ్లు పొయ్యకపోయినా ఆ పిండి కుతకుతా ఉడుకుతుంది. ఏనాటి నుంచో రాతిలో దాగిన నీరంతా ఆవిరై పోతుంది. మంట మరీ ఎక్కువైతే పిండి చచ్చిపోయి, తర్వాత ఎన్ని నీళ్లు కలిపినా గట్టిపడదు. ఆ పదును బట్టీ మేస్త్రికి ఆవిరి చూస్తేనే తెలుస్తుంది.

ఆ పొడిని గోడలకు పూసేది తాపీ వదిన. నీళ్లు కలిపి అందించేది ఆమె ఆడపడుచు. ఆవిడ వదినా వదినా అంటుంటే విని అందరూ అలాగే పిలవడం మొదలుపెట్టారు.

నీళ్లు తగలగానే పొడి మళ్లీ రాయి కాబోతూ వేడెక్కుతుంది. గోడ వెచ్చగా ఉండే ఆ పావుగంటలో అప్పుడప్పుడూ లోపలి నుంచి ఒక చెయ్యి బయటికొస్తుంది, మణికట్టు దాకా. ఎవరిదో తెలియదు. తాపీతో మెల్లగా లోపలికి నొక్కి పైన చదును చేసెయ్యాలి. పనిలో చేరిన మొదటి రోజే ఇది నేర్పుతారు.

రెండేళ్ల కిందట క్వారీలో రాతిచరియ విరిగి తాపీ వదిన భర్త మీద పడింది. వారం రోజులు తవ్వినా మనిషి దొరకలేదు. మొన్నామధ్య బట్టీ మేస్త్రి, భార్య పోయినవాడు, మొహమాటపడుతూ పెళ్లి మాట ఎత్తాడు.

"మనిషి దొరకలేదుగా. నాకింకా మొగుడున్నట్టే," అంది. ఆయన మళ్లీ ఆ ఊసెత్తలేదు.

ఓ మధ్యాహ్నం ఆస్పత్రిలో కొత్త వార్డు గోడ పూస్తుంటే చెయ్యి వచ్చింది. చిటికెన వేలు వంకర. ఎత్తిన తాపీ అలాగే ఆగిపోయింది.

"వదినా, అన్నయ్య," అంది ఆడపడుచు, బకెట్ కింద పెట్టి.

"ఈ రాయెక్కడిది?"

"ఉత్తరం వైపు కొత్తగా తవ్వుతున్నారే, అక్కడిది."

తాపీ వదిన ఆ చేతిలో చెయ్యి పెట్టింది. జ్వరమొచ్చినట్టు కాలుతోంది. ఆమె చెయ్యి మణికట్టు దాకా గోడలోకి వెళ్లింది, తర్వాత మోచేతి దాకా. అవతల ఉన్నది పక్క వార్డు. కానీ ఆమె వేళ్లకు చల్లటి నీళ్లు తగిలాయి.

"బిగుసుకుంటోంది వదినా. చెయ్యి తీసెయ్."

"ఉండనీ."

"నేనొక్కదాన్నే ఇంటికెళ్లి అమ్మకేం చెప్పను?"

ఆమె చెంప గోడకు ఆనించింది. ఆడపడుచు కూడా గోడకు నోరు దగ్గరగా పెట్టి, "అన్నయ్యా, వదినని వదిలెయ్," అంది చిన్నగా.

అప్పుడు తాపీ వదినకు తెలిసింది, పట్టుకున్నది ఆయన కాదని, తనేనని. లోపలి వేళ్లు ఆమె వేళ్లను ఒక్కొక్కటే విడదీశాయి. అన్నీ విడిపించాక అరచెయ్యి ఆనించి, బయటికి తోశాయి.

గోడలో గుంట మిగిలింది. ఆడపడుచు మళ్లీ కలిపి తెచ్చింది. ఆమె గుంట పూడ్చి, చదును చేసి, గోడ చల్లబడేదాకా అక్కడే నిలబడింది.

ఇంటికెళ్లాక, "దొరికాడు అత్తయ్యా," అంది.

అత్త ఆమె మోచేతి వైపు చూసింది. "ఏమన్నాడు?"

"పొమ్మన్నాడు."

అత్త తడిగుడ్డ తెచ్చి, ఆమె మోచేతి మీద ఎండిన తెలుపు తుడుస్తూ కూర్చుంది. అంతా పోయాక గుడ్డ పిండి, "రేపు ఆ బట్టీ మేస్త్రిని భోజనానికి రమ్మను," అంది.