కాళ్ళకు నేల అందే దీవి

ఆ ఇంట్లో పొద్దున్నే అందరికంటే ముందు లేచేది కోడలు. లేవగానే భోజనాల బల్ల దగ్గర మొగుడి కుర్చీ కింద ఉన్న బకెట్టు తీసి, స్నానాలగదిలో పారబోసి, మళ్ళీ తెచ్చి కుర్చీ కింద పెట్టేది. ఆనక నేలంతా తుడిచేది. ఆ తర్వాతే పళ్ళు తోముకునేది. అప్పటికే మొగుడు కుర్చీలో కూర్చుని పేపరు చదువుతూ ఉండేవాడు. తడవకుండా ఉండాలని పేపర్ని చేతులు బాగా చాచి పట్టుకోవడం అలవాటు చేసుకున్నాడు గానీ, అంచులు ఎలాగూ తడిసేవి. జుట్టు చివర్ల నుంచి, మోచేతుల నుంచి, చొక్కా అంచు నుంచి ఉప్పునీళ్ళు బొట్లు బొట్లుగా కారుతూనే ఉండేవి.

పెళ్ళయిన కొత్తలో ఇద్దరూ సరదాగా ఒక దీవికి వెళ్ళారు. అక్కడ అతను ఈతకెళ్ళి మునిగిపోయాడు. ఎంత వెతికినా శవం దొరకలేదు. కోడలు ఒక్కతే ఇంటికొచ్చి, అత్తగారి ఒళ్ళో తలపెట్టుకుని ఏడుస్తుంటే తలుపు చప్పుడైంది. తీస్తే అతనే. నెత్తి మీంచి కాళ్ళదాకా నీళ్ళోడుతూ గుమ్మంలో నిలబడి, "తువ్వాలుందా?" అన్నాడు. తల్లి పరుగెత్తుకెళ్ళి తెచ్చింది. ఆ తర్వాత ఎన్ని తువ్వాళ్ళు పెట్టి తుడిచినా అతను ఆరలేదు. చుట్టుపక్కలవాళ్ళు వచ్చి చూసి, పోనీలెండి, మనిషి దక్కాడు అనేసి వెళ్ళిపోయారు. కింది వాటా ఆయన మాత్రం తన పైకప్పు చెమ్మగిల్లుతోందని అప్పుడప్పుడూ మెట్లెక్కి వచ్చి గొణిగేవాడు. ఆయన బాధ ఆయనది.

కోడలి బాధ వేరు. ఆ ఇంట్లో ఏదీ ఆరేది కాదు. బీరువాలో చీరలకి బూజు, గోడలకి నాచు, తాళం కప్పలకి తుప్పు. రాత్రి మొగుడి పక్కన పడుకుంటే తెల్లారేసరికి దుప్పటి పిండాల్సిందే. అలా ఐదారేళ్ళు గడిచాక ఆమెకి దగ్గు పట్టుకుంది. మామూలు దగ్గు కాదు, నిలబడి దగ్గడం మొదలుపెడితే కూర్చుంటే గానీ ఆగేది కాదు. డాక్టరు వీపు మీద గొట్టం ఆనించి చాలాసేపు విన్నాడు.

"లోపలంతా చెమ్మ పట్టిందమ్మా. ముందు నాలుగు రోజులు ఎక్కడికైనా ఎండకి వెళ్ళి విశ్రాంతి తీసుకోండి. తర్వాతైనా ఆ తడి ఇంట్లో ఉండకూడదు. ఇంకో రెండేళ్ళు ఇలాగే ఉంటే నా చేతుల్లో ఏమీ ఉండదు," అన్నాడు.

వేరే గది తీసుకుని ఉండొచ్చుగా అని ఆఫీసులో స్నేహితురాలు సలహా ఇచ్చింది. ఎలా ఉంటుంది? మునిగిపోయి కూడా ఇల్లు వెతుక్కుంటూ వచ్చిన మొగుణ్ణి వదిలేసి పోయిందని ఊరంతా అంటుంది. ఊరిదాకా ఎందుకు, ఆమే అనుకుంటుంది.

ఆమె పనిచేసేది జనాన్ని విహారయాత్రలకి పంపే ఆఫీసులో. ఆమె బల్ల వెనక గోడనిండా దీవుల బొమ్మలే. మొదటిసారి దీవికి వెళ్ళేవాళ్ళతో పెద్ద చిక్కుండదు. అందరూ ఎక్కడికి వెళ్తే వాళ్ళూ అక్కడికే. చిక్కంతా రెండోసారి వెళ్ళేవాళ్ళతోనే. వాళ్ళకి ఏం కావాలో వాళ్ళకే తెలియదు. అందుకని ఆమె ఏం కావాలని అడిగేదే కాదు. "కిందటిసారి మీకు ఏం నచ్చలేదు?" అని అడిగేది. ఒకరు దోమలనేవారు, ఒకరు జనమనేవారు, ఒకాయన తన బావమరిది అన్నాడు. అది వినగానే ఏ దీవికి పంపాలో ఆమెకి తట్టేసేది. ఆమె పంపినవాళ్ళెవరూ తిరిగొచ్చి దెబ్బలాడిన పాపాన పోలేదు.

ఒకరోజు పొద్దున అత్తగారు బకెట్టులోకి తొంగిచూసింది.

"అమ్మాయ్, ఇది చూశావా? రోజూ రాత్రికల్లా నిండిపోయేది, నిన్నంతా వాడు కూర్చున్నా అడుగు కూడా తడవలేదు."

కోడలు ఎప్పుడో చూసింది. పైకి చెప్పలేదంతే.

అతను తగ్గిపోతున్నాడు. ఆ వారమే అతని కాలి చిటికెనవేలు పొడిబారి, తెల్లబడి, చెప్పులోనే ఉప్పై రాలిపోయింది. నొప్పేమీ లేదన్నాడు గానీ తల్లికి పైప్రాణాలు పైనే పోయాయి. కళ్ళుప్పు తెచ్చి నీళ్ళలో కలిపి చెంబులతో కొడుకు నెత్తిన గుమ్మరించింది. అతను చిన్నపిల్లాడిలా కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. నీళ్ళన్నీ ఒంటికి అంటకుండా జారిపోయాయి, కోడలికి ఇంకో గది తుడిచే పని తగిలింది.

"అలా లాభం లేదమ్మా. సముద్రంలో కాళ్ళకి నేల అందనిచోట తల మునగాలి. అప్పుడే లోపలికి దిగుతుంది. మొదటిసారి అలాగేగా నిండాను," అన్నాడతను.

"అయితే సముద్రానికే పోదాం," అంది తల్లి. " దీనికీ విశ్రాంతి కావాలన్నారుగా. దీనికి ఎండా దొరుకుతుంది, నీకు నీళ్ళూ దొరుకుతాయి. ఏమ్మా, మంచి లోతున్న దీవి చూడు. ఆ పాత దీవి పేరు మాత్రం నా దగ్గర ఎత్తకు."

"చూస్తాను అత్తయ్యా," అంది కోడలు.

ఆఫీసులో బొమ్మల ముందు కూర్చుంది. ఊళ్ళో ఎందరికో చిటికెలో తేల్చిపారేసిన మనిషికి తనదాకా వచ్చేసరికి కాలూ చెయ్యీ ఆడలేదు. అతను మళ్ళీ నిండితే ఇంకో ఐదారేళ్ళు అదే బకెట్టు, అదే బూజు. అన్నాళ్ళు తను ఉండదు. నిండకపోతే అతను ఉండడు. మొగుడంటే ప్రేమ లేక కాదు. తడిచేత్తో ఆమె నుదురు తాకి, జ్వరం తగ్గిందే అని అతను సంబరపడిన రోజులు ఆమెకి గుర్తున్నాయి. ప్రేమ ఉంది, ఊపిరి కూడా కావాలి. రెండూ ఒక ఇంట్లో ఇమడడం లేదు.

కిందటిసారి ఏం నచ్చలేదు అని తనని తనే అడిగింది. లోతు, అనుకుంది.

లోతు లేని దీవి ఒకటుంది. చిన్నపిల్లలున్నవాళ్ళని అక్కడికే పంపేది. చుట్టూ కనుచూపుమేర సముద్రం మోకాలు దాటదు. ఈత వచ్చినవాళ్ళు అక్కడికి వెళ్ళొచ్చి, అది సముద్రమా, పళ్ళెమా అని విసుక్కునేవారు.

సాయంత్రం అత్తగారు కూరగాయలకి వెళ్ళినప్పుడు ఆ బొమ్మ మొగుడి ముందు పెట్టింది. అతను వంగి చాలాసేపు చూశాడు. బొమ్మ మీద ఒక్క బొట్టే పడింది.

"ఇక్కడ నేల అందుతుందేమో," అన్నాడు.

ఆమె తల దించుకుంది. దగ్గొచ్చింది. ఆ దగ్గు ఆగేదాకా అతను ఆమెనే చూస్తూ కూర్చున్నాడు.

"ఇదే బుక్ చెయ్యి. అమ్మకి బోలెడు లోతని చెప్పు," అన్నాడు.

ఆమె అలాగే చెప్పింది. అత్తగారు ఆనందంగా సంచులు సర్దింది.

విమానంలో అతని సీటు మీద ప్లాస్టిక్ పట్టా పరిచారు. ఇప్పుడు దాని అవసరం పెద్దగా లేదు. అతను లేచినచోట కాస్త తేమ, గుప్పెడు ఉప్పు మిగిలాయి. దీవి బొమ్మలో ఉన్నట్టే ఉంది. తెల్లటి ఇసక, తాటాకు కప్పిన గదులు, నీడల్లో వాలుకుర్చీలు. ఎండ బట్టల్లోంచి ఒంట్లోకి దిగుతోంది. కోడలు వాలుకుర్చీలో పడుకుని, దగ్గకుండా పూటంతా నిద్రపోయింది. ఎన్నేళ్ళయిందో అలా నిద్రపోయి.

మర్నాడు భోజనాలయ్యాక అత్తగారు కొడుకుని సముద్రంలోకి తీసుకెళ్ళింది. కోడలు ఒడ్డునే కూర్చుంది. ఇద్దరూ మోకాలి లోతులో నడుస్తున్నారు. కాసేపటికి అత్తగారు వెనక్కి తిరిగి, "ఏదమ్మా లోతు?" అని అరిచింది.

"ఇంకా ముందుకి, అత్తయ్యా!" అని కోడలు అరిచింది. అలా ఎందుకు అరిచిందో ఆమెకే తెలియదు. కాసేపు తిరిగి విసిగి వచ్చేస్తారనుకుంది కాబోలు.

అత్తగారు విసిగే మనిషి కాదు. కొడుకు చెయ్యి పట్టుకుని లాక్కుంటూ పోతూనే ఉంది. ఇద్దరూ చిన్నవైపోయి, రెండు చుక్కలైపోయారు. అప్పుడు సముద్రం పోటెత్తింది. గట్టిగా ఏమీ రాలేదు, ఒడ్డున కోడలి చెప్పులు నెమ్మదిగా తేలాయి. ఆమె తలెత్తి చూస్తే దీవికీ ఆ చుక్కలకీ మధ్య నీళ్ళ రంగు మారిపోయింది. పొద్దున లేత ఆకుపచ్చగా ఉన్నచోట ముదురు నీలం కాలవ ఒకటి అడ్డంగా పారుతోంది. అక్కడ నేల అందదని ఎవరూ చెప్పక్కర్లేదు.

అత్తగారికి ఈత రాదు.

కోడలు గుండెలు బాదుకుంటూ ఒడ్డున ఉన్న పడవవాడి దగ్గరికి పరుగెత్తింది. అతను తాటినీడలో కునుకు తీస్తున్నాడు. లేపి, చెప్పి, ఇద్దరూ కలిసి పడవని ఇసక మీంచి నీళ్ళలోకి తోసేసరికి చుక్కలు రెండూ ఒకటయ్యాయి. మొగుడు తల్లిని భుజాల మీద ఎక్కించుకుని వస్తున్నాడు. కాలవలోకి దిగాక తల ఒక్కటే కనిపించింది, ఆ తల మీద తల్లి. తల మునగలేదు. ఒక్కసారి కూడా మునగలేదు. కాలవ దాటి మెడ, ఛాతీ, నడుము పైకొచ్చాయి. నడిచొచ్చి తల్లిని ఇసక మీద దింపాడు. ఆవిడ బోర్లాపడి దగ్గుతూ, కొడుకు ఎత్తుకునేలోపు మింగిన నీళ్ళు కక్కుకుంటోంది.

అతని ఒంటి మీద ఒక్క బొట్టు లేదు. జుట్టు పొడిగా గాలికి ఎగురుతోంది. పెళ్ళినాటి తర్వాత ఆమె అతని జుట్టు అలా ఎగరడం చూడలేదు. ఎంత బాగున్నాడో అనుకుంది, అనుకున్నందుకు ఏడుపొచ్చింది. అతను సముద్రం వైపు తిరిగి ఒక అడుగు వేశాడు. మోకాళ్ళు తెల్లబడి ఉన్నాయి, అడుగు పడలేదు.

పడవవాడు అతన్ని చూశాడు, కాలవని చూశాడు, ఆమెని చూశాడు.

"పడవ సిద్ధంగానే ఉందమ్మా. ఈయన ఆ లోతుకేసే చూస్తున్నారు. ఎక్కించి ఆ కాలవలో దింపమంటారా?"

ఆమెకి నోరు పెగల్లేదని చెప్పుకోవచ్చు. అది అబద్ధం. నోరు బాగానే ఉంది, ఊపిరి కూడా అందుతోంది. ఒక్క మాట చాలు. మొగుడు ఆమె మొహంలోకి చూశాడు. అడగలేదు. ఆమె చూపు తిప్పుకుని, వంగి, అత్తగారి వీపు నిమరడం మొదలుపెట్టింది. పడవవాడు కాసేపు నిలబడి, తెడ్డు తీసి పడవలో పడేశాడు. ఆమె మళ్ళీ తలెత్తేసరికి చొక్కా, ప్యాంటూ ఇసక మీద పడి ఉన్నాయి. వాటిలోంచి ఉప్పుని గాలి కొంచెం కొంచెంగా తీసుకుపోతోంది.

సాయంత్రం దాకా అత్తగారు ఆ చొక్కా ఒళ్ళో పెట్టుకుని గది ముందే కూర్చుంది. కోడలు లోలోపల మాటలు కూడదీసుకుంటోంది. లోతు లేదని తెలిసే బుక్ చేశాను. పడవ ఉన్నా పంపలేదు. ఈ రెండు మాటలూ చెప్పేసి, ఆవిడ చెంప మీద కొడితే కొట్టించుకుందామని గది ముందు మెట్టు మీద ఆవిడ పక్కన కూర్చుంది.

"అత్తయ్యా, మీకో మాట..."

"ముందు నన్ను చెప్పనీ," అంది అత్తగారు. "ఆ కాలవలో వాడికి నేల అందలేదు, నన్ను మోస్తూ ఈదాడు. 'అమ్మా, ఒక్కసారి మునిగి లేస్తాను, ఊపిరి బిగబట్టుకో' అన్నాడు. మళ్ళీ మళ్ళీ అడిగాడు. బతిమాలాడమ్మా వాడు. 'అక్కడ ఎంత హాయిగా ఉంటుందో నీకు తెలీదు, ఒక్క క్షణం' అన్నాడు. వాడు నిండడానికేగా నేను వచ్చింది. కానీ నాకు చావు భయం పట్టుకుంది. వాడి జుట్టు రెండు చేతుల్తో పట్టుకుని తల పైకి లాగి ఉంచాను. మునగనివ్వలేదు. ఈ వయసులో, ఇంక ఎన్నాళ్ళని, అంత భయమేమిటమ్మా నాకు?"

కోడలు ఆ ఒక్క మాట దగ్గరే ఆగిపోయింది. బతిమాలాడట. ఇదే బుక్ చెయ్యి అన్న మనిషి, నీళ్ళలో కాళ్ళు తేలగానే బతకాలని బతిమాలాడు. ఒడ్డున ఆ ఒక్క అడుగూ అందుకే.

"నీ మొగుణ్ణి నేనే పొట్టన పెట్టుకున్నాను. నువ్వు పాపం వెతికి వెతికి మంచి లోతున్న దీవి చూశావు. ఆ లోతులోంచి వాణ్ణి నేనే ఎండబెట్టి తీసుకొచ్చాను," అంది అత్తగారు. "ఇంతకీ నువ్వేదో చెప్పబోయావు."

చీకటి పడుతోంది. గాలి పొడిగా, వెచ్చగా ఉంది. పొద్దుట్నుంచీ తను ఒక్కసారి కూడా దగ్గలేదని కోడలికి అప్పుడు తెలిసింది.

"ఏం లేదు అత్తయ్యా. ఆ చోట ఎవరున్నా భయపడతారు. మీరు అలా అనుకోకండి," అంది.

అత్తగారు ఆమె చెయ్యి అందుకుని కళ్ళకద్దుకుంది. నీలాంటి పిల్ల ఎవరికి దొరుకుతుందమ్మా, ఇకమీదట నువ్వే నా కూతురివి అంటూ ఏడ్చింది. కోడలు ఆ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. సెలవు ఇంకా రెండు రోజులుంది.