తువ్వాలు తగువు

నేను ఒక స్టూలును. మోకాలెత్తు కూడా లేని, వీపు ఆనించుకునే వీలు లేని, నాలుగు కాళ్ళ చెక్క స్టూలును. మీ ఇంట్లో అటక మీది డబ్బా అందుకోవడానికి ఎక్కే స్టూలుకూ నాకూ చుట్టరికం ఏమీ లేదు. నేను బాక్సర్ల కోసం పుట్టాను. బాక్సింగులో రౌండుకీ రౌండుకీ మధ్య ఒక్క నిమిషం విరామం ఇస్తారు. ఆ నిమిషం కూర్చోవడానికే నన్ను చేశారు. గంట మోగగానే రింగు మూలలోకి తోస్తారు, మళ్ళీ మోగేలోపు బయటికి లాగేస్తారు. నా మీద కూర్చున్నవాడి ధ్యాస ఎప్పుడూ లేవడం మీదే. అందుకే కాబోలు, నాకూ కుదురు అబ్బలేదు.

విశాఖపట్నం పాత ఊళ్ళో, రేవుకి దగ్గరగా ఉన్న ఒక గోదాములో అబ్రహాం మాస్టారు బాక్సింగు క్లబ్బు నడిపేవారు. ఓడలో ఏవో యంత్రాలు దిగుమతి అయిన పెట్టెను విప్పి, ఆ చెక్కతో నన్ను చేయించారు. ఏ దేశపు చెట్టునో నాకు తెలియదు. నా మీద చిందిన చెమట మాత్రం అచ్చంగా ఈ ఊరిదే.

ఆ క్లబ్బులో ఎల్లాజీ అనే కుర్రవాడు ఉండేవాడు. పగలు చేపల రేవు దగ్గర ఐసు మిల్లులో పని, సాయంత్రం క్లబ్బులో సాధన. ఎన్ని దెబ్బలు తగిలినా వెనక్కి అడుగు వేసేవాడు కాదు. అతని మూలలో నీళ్ళ సీసా పట్టుకుని నిలబడేవాడు సన్యాసిరావు, టైలరు. దెబ్బకి ముందే మొహం చిట్లించే సుకుమారుడు. తర్వాత ఎల్లాజీ సన్యాసిరావు చెల్లెల్నే పెళ్ళి చేసుకున్నాడు. అప్పటినుంచి ఒకరినొకరు బావా అనుకుంటూ, ఒకరు లేకుండా ఒకరు సినిమాకి వెళ్ళకుండా బతికారు.

సినిమా అంటే గుర్తొచ్చింది. ఒక ఏడు మా గోదాముకి సినిమావాళ్ళు వచ్చారు. 'రేవు కాశీ' అని, ఓడరేవు కూలీ ఒకడు బాక్సరయ్యే కథ. హీరో నా మీద కూర్చుని ఆయాసపడాలి. ఆ ఒక్క నిమిషం విరామాన్ని తీయడానికి వాళ్ళకి పొద్దున్నుంచి సాయంత్రం దాకా పట్టింది. మధ్యమధ్య హీరో నా మీంచి లేచి, మెత్తటి కుర్చీలో కూర్చుని, నా మీద పడిన అలసట అక్కడ తీర్చుకునేవాడు. తెర మీద బాగా కనబడాలని నాకు ఎర్ర రంగు కూడా పూశారు. ఎల్లాజీకి ఒక వేషం దొరికింది. కాశీ గుద్దుకి కింద పడే వేషం. నిజం బాక్సింగులో ఎవడి చేతిలోనూ పడనివాడు, పౌడరు రాసుకున్న మనిషి ఉత్తుత్తి గుద్దుకి ఏడుసార్లు పడ్డాడు. ఆ రోజు నుంచి కాశీకి వీరాభిమాని అయిపోయాడు. మనుషుల లెక్కలు నాకు అర్థం కావు.

ఆ సినిమా ఆడింది. రెండో భాగం వచ్చింది, మూడోది వచ్చింది. కాశీ ఓడలు ఎక్కాడు, దేశాలు తిరిగాడు, పక్కటెముకలు విరిగినా పోరాడి గెలిచాడు. ఈలోగా మాస్టారు పోయారు, క్లబ్బు మూతపడింది. ఎల్లాజీ నన్ను చంకన పెట్టుకుని తీసుకొచ్చి, పాత టాకీసు ఎదురుగా ఉన్న రవణమ్మ టీ బడ్డీలో పెట్టాడు. రేవు కాశీ అభిమానుల సంఘానికి ఆఫీసంటే ఆ బడ్డీయే. కాశీ కూర్చున్న స్టూలని నన్ను చూపించి కొత్తవాళ్ళకి గొప్పలు చెప్పేవారు. నేను ఆ సినిమాల్లో ఒక్కటి కూడా చూడలేదు. వాళ్ళ నోట విన్నవే.

చివరికి ఏడో భాగం వచ్చింది. ఇదే ఆఖరిదన్నారు. తెల్లవారేసరికి బడ్డీ ముందు జనం. చింపిన కాగితాల సంచులతో, డప్పులతో టాకీసులోకి వెళ్ళారు. ఆట విడిచాక బయటికి వచ్చిన తీరు చూస్తే ఎవరో పోయారనుకుంటారు. సంచుల్లో కాగితాలు సంచుల్లోనే ఉన్నాయి.

జరిగింది ఇదట. కాశీకి జుట్టు నెరిసింది. ఇప్పుడతను గురువు. అతని శిష్యుడు భద్రం పెద్ద పోటీలో ఆఖరి రౌండు దాకా ముందంజలో ఉన్నాడు. కానీ ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది, మొహం నిండా నెత్తురు. అప్పుడు కాశీ భుజం మీది తువ్వాలు తీసి రింగులోకి విసిరేశాడు. అలా విసిరితే మావాడు ఓటమి ఒప్పుకున్నాడని అర్థం. పోటీ ఆగిపోయింది. కాశీ మెల్లగా నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. అంతే, సినిమా అయిపోయింది.

"ఇదేటి బావా ఇది!" ఎల్లాజీ నా మీద కూర్చుని, వెంటనే లేచాడు. "ఒంట్లో ఎముకలన్నీ ఇరిగినా లెగిసి కొట్టినోడు, తువ్వాలిసిరీడమేటి? ఇన్నేళ్ళూ ఈడినా మనం నెత్తిన మోసినాం?"

"ఇసరకేం సేస్తాడు?" సన్యాసిరావు టీ ఊదుకుంటూ అన్నాడు. "ఇన్నేళ్ళూ కాశీ తన ఒంటి మీద దెబ్బలు తిన్నాడు. ఇప్పుడా ఒళ్ళు ఆడిది కాదు కదా. పరాయి బిడ్డ కన్ను పోతే ఎవుడిస్తాడు?"

"గెలుస్తన్నాడు కదేటి ఆ బిడ్డ!"

"గెలిసి గుడ్డోడై కూకోమంటావా?"

అక్కడితో మొదలైంది. ఒకడు ఇది ఎనిమిదో భాగానికి ఎత్తుగడ అన్నాడు. ఒకడు దర్శకుడికి ముసలితనం వచ్చిందన్నాడు. ఇంకొకడు, కాశీ తువ్వాలు విసరలేదు, చెమటకి చేతిలోంచి జారిందన్నాడు. వాడి మాట ఎవరూ నమ్మలేదు గానీ, వాడు రోజూ వచ్చి అదే అన్నాడు. సంఘం రెండు ముక్కలైంది. విసరొచ్చు అనేవాళ్ళు బడ్డీకి ఈ పక్క, విసరకూడదు అనేవాళ్ళు ఆ పక్క. నన్ను మాత్రం ఇద్దరూ లాక్కునేవారు, కాశీ కూర్చున్న స్టూలు తమ వైపే ఉండాలని.

"తాగినోళ్ళు లెగండి బాబూ, కాశీ ఒచ్చి గళాసులు కడగడు," అని రవణమ్మ రోజుకోసారి కసిరేది.

ఎల్లాజీ ఒకరోజు అందరి ముందూ గుండె మీద చెయ్యి వేసుకుని అన్నాడు. "నానైతే సచ్చినా ఇసరను. నా కూతురు రింగులో ఉన్నా ఇసరను."

అది ఉత్త మాట కాదు. ఎల్లాజీ కూతురు యమున బాక్సరు. తండ్రే నేర్పాడు. డిగ్రీ చదువుతోంది, రాష్ట్ర స్థాయి పోటీలకి ఎంపికైంది. సాయంత్రాలు స్కూటీ మీద వచ్చి బడ్డీ ముందు హారను మోగించేది.

"నాన్నా, ప్రాక్టీసుకి ఒస్తావా, ఆ ముసలోడి గురించే కొట్టుకుంటావా?"

"సినిమా సూసి నువ్వు సెప్పమ్మా, ఎవుడు రైటో."

"నాకేటి పన్నేదనుకున్నావా?" అని ఇంజను ఆపకుండానే అనేది.

పోటీలు కాకినాడలో. అంతకుముందు జిల్లా పోటీల్లో యమున కూర్చోగానే ప్లాస్టిక్ స్టూలు చిట్లిపోయిందట. అందుకని ఎల్లాజీ రవణమ్మని అడిగి నన్ను తీసుకున్నాడు. బస్సులో సన్యాసిరావు ఒళ్ళో ప్రయాణం చేశాను. బావలిద్దరూ తుని దాటేదాకా తువ్వాలు గురించే మాట్లాడుకున్నారు. యమున చెవుల్లో పాటలు పెట్టుకుని నిద్రపోయింది.

మొదటి రౌండు యమునదే. రెండో రౌండులో ఎదుటి అమ్మాయి గుద్దు ముక్కు మీద తగిలింది. గంట మోగాక యమున వచ్చి నా మీద కూర్చుంది. ముక్కులోంచి నెత్తురు పెదవుల మీదుగా గడ్డానికి కారుతోంది. నేను మనుషుల్ని మొహం చూసి కాదు, బరువును బట్టి తెలుసుకుంటాను. ఓడిపోతున్నవాళ్ళు గోనెబస్తాలా కూలబడతారు. ఆమె అలా కూర్చోలేదు. మడమలు ఎత్తి, వేళ్ళ మీద ఆనుకుని ఉంది. సన్యాసిరావు నీళ్ళు తాగించాడు. ఎల్లాజీ నెత్తురు తుడుస్తూ గడగడా చెబుతున్నాడు. గార్డు ఎత్తు, చేతులు మొహానికి అడ్డం పెట్టు, ఎడమకి తిరుగు, దగ్గరకి రానీకు అని.

ఆఖరిదైన మూడో రౌండు మొదలైన కాసేపటికి ఇంకో గుద్దు తగిలింది. అదే ముక్కు మీద. యమున రెండడుగులు వెనక్కి వేసి నిలదొక్కుకుంది. మళ్ళీ చేతులు ఎత్తింది. ఈలోపే ఎల్లాజీ భుజం మీది తువ్వాలు రింగు మధ్యలో పడింది.

రిఫరీ పోటీ ఆపేశాడు. యమున ముందు తువ్వాలుని చూసింది, ఎవరిదో తెలియనట్టు. తర్వాత మూలకి వచ్చింది.

"నాకేటైంది నాన్నా?"

ఎల్లాజీ ఆమె గడ్డం మీది నెత్తురు తుడవబోయాడు. ఆమె ఆ చేతిని తోసేసింది.

"సెప్పు. నాకేటైంది?"

డాక్టరు చూసి ముక్కు విరగలేదు, ఏమీ కాలేదన్నాడు. ఆ మాట విన్నాక ఎల్లాజీ ఇంకా కుంగిపోయాడు. సన్యాసిరావు మెల్లగా అన్నాడు, "ఒక్క నిమిషం ఆగాల్సింది బావా."

"ఇసరాలని నెల్లాళ్ళ నుంచీ మొత్తుకున్నది నువ్వు కాదేటి?"

"నానన్నది సినిమాలో."

తిరుగు ప్రయాణంలో ముగ్గురూ మూడు సీట్లలో కూర్చున్నారు. నేను సామాన్లతో డిక్కీలో ఉన్నాను.

వార్త మాకంటే ముందే బడ్డీకి చేరింది. మర్నాడు సంఘంలో తగువు మళ్ళీ మొదలు, కానీ మనుషులు వైపులు మార్చుకున్నారు. కాశీ తప్పు చేశాడన్నవాళ్ళే ఎల్లాజీ మంచి పని చేశాడన్నారు, తండ్రి గుండె అన్నారు. కాశీని మెచ్చుకున్నవాళ్ళు పిల్ల బతుకు పాడుచేశాడని గొణిగారు. ఎల్లాజీ వచ్చి నా మీద కూర్చుని, ఎవరివైపూ చూడకుండా టీ తాగి వెళ్ళిపోయేవాడు. ఇంట్లో యమున అన్నం పెట్టించుకుంటోంది, తింటోంది గానీ తండ్రితో మాట్లాడటం లేదట. స్కూటీ హారను వినబడటం మానేసింది.

టాకీసులో సినిమా ఎత్తేసే వారంలో, ఒక మధ్యాహ్నం ఆట విడిచాక యమున బయటికి వచ్చింది. ఒంటరిగా చూసినట్టుంది. నేరుగా బడ్డీకి వచ్చింది. ఎల్లాజీ, సన్యాసిరావు, ఇంకొందరు ఉన్నారు. తండ్రి లేచి నన్ను ఆమె ముందుకి జరిపాడు. ఆమె కూర్చోలేదు.

"భద్రం గురించి మీరెవరైనా ఎప్పుడైనా మాటాడుకున్నారా?" అని అడిగింది.

"ఏ భద్రం?" అన్నాడు ఒకడు.

"అదీ సంగతి. రింగులో దెబ్బలు తిన్నోడు భద్రం. తువ్వాలు పడ్డాక ఆడి మొకం ఒక్కసారైనా సూపించినారా? కాశీ కళ్ళు, కాశీ చెయ్యి, కాశీ నడక. ఆడు ఉండాలనుకున్నాడో, ఒగ్గీయాలనుకున్నాడో ఎవులూ అడగనేదు. సినిమా తీసినోడు అడగనేదు, కాశీ అడగనేదు. నెల్లాళ్ళు కొట్టుకున్నారు కదా, మీరూ అడగనేదు."

చెమటకి జారిందనే మనిషి కూడా టీ గ్లాసు కింద పెట్టి ఆమె వైపు తిరిగాడు.

"నీ మొకం నాను సూసినానమ్మా," అన్నాడు ఎల్లాజీ. "సూసే ఇసిరినాను."

"నెత్తురు సూసినావు నాన్నా. నన్ను సూణ్నేదు." "నిమిషం సేపు ఎదురుగా కూకున్నాను. అంతసేపూ నువ్వే మాటాడినావు."

రవణమ్మ స్టవ్ మంట తగ్గించింది. ఎల్లాజీ అడిగాడు, "మరి నన్నేం సెయ్యమంటావు?"

"ఈసారి సెప్పకు. అడుగు. నాను సాలంటే సాలు. ఉంటానంటే నువ్వు ఆపకు. కళ్ళు తిరిగి పడిపోతే అప్పుడు నీ ఇష్టం."

"నాను తట్టుకోనేను."

"తట్టుకో. నేదంటే మావయ్యని మూలలో ఉండమను."

"నా వల్ల కాదమ్మో!" అన్నాడు సన్యాసిరావు, భయంగా. ఆ రోజుల్లో వాళ్ళు నవ్వింది అప్పుడే.

మరుసటి ఏడు పోటీలు రాజమండ్రిలో జరిగాయి. ఫైనలుకి వచ్చింది యమున. రెండో రౌండు అయ్యేసరికి ఎడమ కన్ను ఉబ్బి సగం మూసుకుపోయింది. వచ్చి నా మీద కూర్చుంది. ఈసారి బరువు మునుపటిలా లేదు. ఒకసారి పూర్తిగా వాలింది, మళ్ళీ కూడదీసుకుంది. ఏమవుతుందో నాకూ తెలియలేదు.

ఎల్లాజీ మోకాళ్ళ మీద కూర్చుని ఆమె కళ్ళలోకి చూశాడు. గార్డు గురించి, ఎడమకి తిరగడం గురించి ఒక్క మాట అనలేదు.

"ఉంటావేటమ్మా?"

ఆమె ఊపిరి పీల్చింది, వదిలింది. మళ్ళీ పీల్చింది. సహాయకులు బయటికి వెళ్ళాలని పిలుపు వచ్చింది.

"ఉంటాను."

ఆయన నన్ను లాక్కుని తాళ్ళ కిందనుంచి బయటికి దిగాడు. తువ్వాలు సన్యాసిరావు చేతిలో పెట్టాడు. సన్యాసిరావు దాన్ని పాములా చూసి బకెట్టులో ముంచేశాడు. పైన చెక్కల మీద నాలుగు పాదాల చప్పుడు. గుద్దు పడిన ప్రతిసారీ, అది ఎవరికి పడినా, ఎల్లాజీ చెయ్యి నా కాలిని నలిపేసింది. ఆ మూడు నిమిషాలూ ఆయన ఎలా గడిపాడో చూసినవాణ్ని నేనొక్కణ్ణే. అందరూ రింగు వైపు చూస్తున్నారు.

గంట మోగింది. న్యాయనిర్ణేతల తీర్పు చదువుతున్నప్పుడు ఎల్లాజీ అక్కడ లేడు.

యమున రింగు దిగి, గ్లవ్సు విప్పించుకుని, తండ్రి కోసం వెతికింది. మూలలో ఉన్న నన్ను చేత్తో పట్టుకుని స్టేడియం వెనక్కి నడిచింది. అక్కడ కొళాయి దగ్గర ఎల్లాజీ గోడ పట్టుకుని కక్కుకుంటున్నాడు. పొద్దున్నుంచి ఏమీ తినలేదు, కక్కడానికీ ఏమీ లేదు. ఆమె నన్ను నేల మీద పెట్టి, తండ్రి భుజాలు పట్టి కూర్చోబెట్టింది. అంత బరువు నా మీద ఎవరూ వదల్లేదు. కొళాయి తిప్పి దోసిళ్ళతో ఆయన తల మీద నీళ్ళు పోసింది, మొహం కడిగింది.

"గెలిసినావేటమ్మా?" అని అడిగాడాయన, కళ్ళు తెరవకుండానే.

"గెలిసినాను. నువ్వు లెగకు, కాసేపు కూకో."