ఒడ్డున ఈదే పరిగె

నాలుగో పరిగెకు తోక చుట్టడం అయింది, ఇక కళ్ళు అతికించాలి. సత్యభామ పట్టకారుతో ప్లాస్టిక్ కన్ను ఒకటి ఎత్తి, ఊపిరి బిగబట్టి, తెల్ల బొచ్చు మీద ఆనించింది. జిగురు ఆరేదాకా అలాగే పట్టుకుంది. కన్ను కొంచెం పెద్దదే పెట్టింది. ఆవిడ ఎప్పుడూ కొంచెం పెద్దదే పెడుతుంది.

నేపియన్ నదికి పది నిమిషాల దూరంలో, పెన్రిత్‌లో ఉన్న ఆ గేలాల కొట్టును శనివారం ఆరున్నరకే తెరుస్తారు. టూంగాబీలో రైలెక్కి వస్తుంది సత్యభామ. రైలెక్కగానే, స్టవ్ ఆపానో లేదోనని భర్త సత్యనారాయణకు ఫోన్ చేసి నిద్ర లేపుతుంది. పదకొండేళ్ళుగా ఆయన లేచి వెళ్ళి చూసి వస్తూనే ఉన్నాడు. స్టవ్ ఒక్కనాడూ వెలుగుతూ కనిపించలేదు. భయపడటానికి సత్యభామకు కారణం అక్కర్లేదు, తీరిక ఉంటే చాలు.

కొక్కానికి బొచ్చూ, మెరుపు దారాలూ చుట్టి చిన్న చేపలా కనిపించేట్టు చేయడం ఆవిడ పని. పెద్ద చేప అది నిజమని నమ్మి నోరు తెరవాలి. ఇక్కడివాళ్ళు దాన్ని ఫ్లై అంటారు. సత్యభామకు మాత్రం అది పరిగె. నరసాపురంలో చిన్నప్పుడు అమ్మ పక్కన కూర్చుని లేసు అల్లిన వేళ్ళు కాబట్టి పని తొందరగానే పట్టుబడింది. చేపల సంగతి ఎవరూ నేర్పనక్కర్లేకపోయింది. కాపురానికి వచ్చిన కొత్తలో కొర్రమీను పొట్ట కోస్తే లోపల పరిగె కనిపించింది. మింగినప్పుడు తల ముందు వెళ్ళిందని చూడగానే తెలిసింది. వేటాడే చేప ముందుగా ఎర కన్నునే చూస్తుందని ఆవిడకు ఆనాడే అర్థమైంది. కొట్టు యజమాని కెన్ ఇది విని పడీపడీ నవ్వాడు, ఆ మరునాడే ఆవిడకు కిటికీ పక్కన బల్ల వేయించాడు.

కౌంటరు వెనక గోడకు జానెడు వెడల్పు నరసాపురం లేసు ముక్క ఒకటి వేలాడుతుంది. దాని నిండా చివికిపోయిన పరిగెలు గుచ్చి ఉంటాయి. అది రామ్‌సామి పెట్టిన అలవాటు. ఆయనది ఫిజీ, ముత్తాతలది విశాఖ వైపు. బస్సు నడిపి రిటైరయ్యాడు, డెబ్బై నాలుగేళ్ళు. సత్యభామ కట్టిన పరిగెను చేప కరిస్తే, దాన్ని దారం నుంచి కోసి టోపీకి గుచ్చుకుని, ఇంటికి వెళ్ళేముందు కొట్టుకొచ్చి ఆవిడ చేతికిస్తాడు. కరిచినదే లేసు మీదికి ఎక్కుతుంది. కరవనిది ఆయన డబ్బాలోకే తిరిగి వెళ్తుంది. చేపను మాత్రం ఎప్పుడూ నదిలోకే వదిలేస్తాడు.

ఏడింటికి తలుపు మీది గంట మోగింది. ఆయనే. మడత కుర్చీ చంకలో ఉంది, మెట్టెక్కినందుకే రొప్పుతున్నాడు.

"బేటీ, నది లావుగుంది ఇవాళ. బరువుది ఇయ్యి. ఇత్తడి కళ్ళది."

ఇత్తడి కళ్ళ పరిగె బరువుకు నీటి అడుక్కి దిగుతుంది. దాన్ని మడుగులో వేయాలంటే గులకదిబ్బ దాకా నడుంలోతు నీళ్ళలో నడవాలి.  మంగళవారమే ఆయన భార్య ప్రేమిల ఫోన్ చేసి చెప్పింది: "గుండెకి రెండు స్టెంట్లు ఏసినారు. నీళ్ళల్లోకి దిగొద్దన్నాడు డాక్టరు. నా మాట ఇనడు. నీ మాటైతే ఇంటాడు."

ఇత్తడి కళ్ళవి నాలుగు, ఆవిడ మోకాళ్ళకు ఆనుకుని ఉన్న సొరుగులోనే ఉన్నాయి.

"అయిపోయాయండి అంకుల్," అంది. "తేలికవే ఉన్నాయి. అయినా వాటర్ పెరిగినప్పుడు పరిగెలన్నీ ఒడ్డునే గడ్డిలో దాక్కుంటాయండి. పెద్దది కూడా వాటికోసం అక్కడికే వస్తుంది. మీరు కుర్చీ వేసుకుని ఒడ్డు నుంచే వెయ్యండి."

"నిజంగానా?"

"నిజమేనండి."

రామ్‌సామి ఆవిడ అందించిన తెల్ల పొట్ట, ఆకుపచ్చ వీపు ఉన్న పరిగెను వేళ్ళ మధ్య తిప్పి చూశాడు. "నువ్వు చెప్తే నిజమే," అని టోపీ సర్దుకున్నాడు.

సత్యభామ సొరుగును మోకాలితో ఇంకాస్త లోపలికి నెట్టింది. పరిగెల గురించి చెప్పింది పదిమంది నోట విన్నదే, కానీ తన కళ్ళతో చూసింది కాదు. ఈయనకి ఇవాళ ఒక్క చేపా పడకపోతే?

ఆయన కారు కదిలాక కెన్ మామూలుగా అన్నాడు, ముసలాయన సీసం గుళ్ళ ప్యాకెట్ కూడా కొన్నాడని.

సత్యభామ సూది కింద పెట్టేసింది. సీసం గుళ్ళు! తేలిక పరిగెకు రెండడుగుల ముందు దారానికి రెండు గుళ్ళు నొక్కితే చాలు, అది కూడా అడుక్కే పోతుంది. అంటే తన అబద్ధం ఆయన కనిపెట్టేశాడన్నమాట. నవ్వి ఊరుకుని, గుళ్ళు కొనుక్కుని, నేరుగా గులకదిబ్బకే వెళ్ళుంటాడు.

తరవాత మూడు గంటల్లో ఆవిడ కట్టినవి రెండే పరిగెలు. ఒకదానికి రెండు కళ్ళూ ఒకే వైపు అతికించింది. కెన్ అది చూసి, తలుపు వైపు చూసి, టీ పెట్టి తెచ్చాడు. ఫోన్ చేద్దామంటే రామ్‌సామి నది దగ్గర ఫోన్ కారులోనే వదిలేస్తాడు. పోలీసులకు చెబుదామా? ఏమని చెబుతుంది, ఒక పెద్దాయన చేపలు పట్టడానికి వెళ్ళాడనా?

కూతురు స్పందన గుర్తొచ్చింది. పెర్త్‌లో, పియారా వాటర్స్‌లో ఉంటుంది. స్కూల్లో ఈత క్యాంపుకి పంపమన్న రోజున పిల్లకి జ్వరమని చీటీ రాసి పంపింది సత్యభామ. మొన్న ఫోన్‌లో ఆ పిల్ల నవ్వుతూనే అంది, "నువ్వు నన్ను ఏ వాటర్‌లోనూ దిగనివ్వలేదమ్మా." అప్పుడు తనూ నవ్వేసింది. ఇవాళ ఆ మాటకు నవ్వు రాలేదు. సత్యనారాయణను సొంత ట్యాక్సీ కొననివ్వలేదు, ఇద్దరినీ ఎప్పుడూ ఒడ్డునే నిలబెట్టింది. అందరూ క్షేమంగానే ఉన్నారు. ఒడ్డున ఉన్నందుకు వాళ్ళకు ఏం దొరికిందో ఆవిడ ఎప్పుడూ అడగలేదు.

పన్నెండింటికి ప్రేమిల ఫోన్ చేసింది. "ఒచ్చినాడా మీ అంకులు?"

"ఇంకా రాలేదండి ఆంటీ. వచ్చేస్తారు. ఒడ్డునే ఉంటానన్నారు."

ఆయన అలా అనలేదు. ఫోన్ పెట్టేశాక ఆవిడకు అది తట్టింది.

నాలుగున్నరకు గంట మోగింది. వచ్చింది రామ్‌సామి మనవరాలు శ్రిష్టి. యూనివర్సిటీలో చదువుతోంది, రెండుసార్లు తాతతో వచ్చి కారులోనే కూర్చుంది. ఈసారి లోపలికి వచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి, చేతిలో తాత టోపీ ఉంది. సత్యభామ లేచి నిలబడింది. అడగాల్సిన పని లేకపోయింది.

పిల్ల ఇంగ్లీషులోనే చెప్పింది. పదకొండింటికి పడవలో వెళ్తున్నవాళ్ళు ఎవరో చూశారట. మడత కుర్చీలోనే, గేలం కర్ర ఒళ్ళో పెట్టుకుని, నిద్రపోతున్నాడనుకున్నారట. అంబులెన్స్ వచ్చేసరికే అయిపోయింది. ఒంటి గంటకి ఇంటికి కబురొచ్చింది.

"ఏ నీళ్ళలో?" అంది సత్యభామ, తను అడుగుతున్నది తనకే అర్థంకాక.

"నో వాటర్, ఆంటీ. హిజ్ షూస్ వర్ డ్రై."  ఆసుపత్రిలో నాయనమ్మ ఆ బూట్లే పట్టుకుని కూర్చుందట, పొడిగా ఉన్నాయని పదేపదే తడుముతోందట. ఆయన పని మిగిలిపోకూడదు, ఆ టోపీ కొట్టులో అమ్మాయికి చూపించి రమ్మని ఆవిడే పంపిందట.

శ్రిష్టి జేబులోంచి ఒక ప్యాకెట్ తీసి కౌంటరు మీద పెట్టింది, ఇది కూడా తాత చొక్కాలో ఉందంది. సీసం గుళ్ళు. సీలు తీయలేదు.

సత్యభామ ఆ ప్యాకెట్‌ను తిప్పి చూసింది. కొనుక్కున్నాడు, నడుంలోతులో దిగాలనే వెళ్ళాడు. అక్కడికి వెళ్ళాక తన మాట విన్నాడు. ఆవిడకు ఏడుపొచ్చింది. ఆ ఏడుపు వెనకే భయం కూడా వచ్చింది. ఆఖరి రోజున ఆయన్ని ఉత్త ఒడ్డున, ఉత్త చేతులతో కూర్చోబెట్టానా?

టోపీ అందుకుని కిటికీ దగ్గరికి తీసుకువెళ్ళింది. అంచుకు ఆకుపచ్చ వీపు పరిగె గుచ్చి ఉంది. గేలం దారం శుభ్రంగా కోసి ఉంది. సత్యభామ కళ్ళజోడు పైకి తోసుకుని వంగి చూసింది. మెడ దగ్గర తను మూడుసార్లు ముడి వేసిన దారం తెగి పీచులు లేచింది. పొట్ట బొచ్చు సగం ఊడింది. ఎడమ కన్ను లేదు.

"మీ తాతగారికి చేప పడిందమ్మా," అంది.

"హౌ డు యూ నో?"

సత్యభామ పిల్ల వేలు పట్టుకుని, తెగిన దారం మీద ఆనించింది. "పెద్దదే. తల వైపు నుంచే పట్టింది. ఒడ్డుకొచ్చి పట్టింది."

శ్రిష్టి ఆ దారాన్ని రెండుసార్లు తాకి చూసింది. తరవాత టోపీ తీసుకుని, పరిగెను ఆవిడ చేతిలోనే వదిలేసి వెళ్ళిపోయింది. కెన్ తలుపుకు మూసివేత బోర్డు తిప్పాడు. సత్యభామ సంచీ భుజాన వేసుకుంది. సాయంత్రం బయల్దేరేటప్పుడు మళ్ళీ అడిగే స్టవ్ సంగతి ఇవాళ గుర్తురాలేదు.

లైట్లు ఆర్పిన కొట్టులో, కిటికీలోంచి పడే వెలుతురులో, లేసు ముక్క మధ్యన కొత్తగా గుచ్చిన పరిగె ఉంది, తోక నది బురదకు అట్టకట్టి, మిగిలిన ఒక్క కన్నూ కొంచెం పెద్దదిగా.