నాలుగో జవాబు

నేను ఒక స్మార్ట్ బోర్డును. ఒకప్పుడు తొమ్మిదో తరగతి గోడ మీద ఉండేదాన్ని. ఇప్పుడు స్టోరు రూములో, విరిగిన బెంచీల పక్కన గోడకు ఆనుకుని ఉన్నాను. అలసిపోయాను. యంత్రానికి అలసటేమిటని నవ్వకండి. ఒకే పాఠాన్ని ఒకే గొంతుతో, ఒకే ఉత్సాహంతో నాలుగొందల సార్లు చెప్పి చూడండి, మీకే తెలుస్తుంది.

నా చుట్టూ ఉన్నవాళ్ళంతా నాకంటే పెద్దలు. పాఠాలు వినిపించిన రేడియో ఒకటి, డిష్‌తో సహా వచ్చిన కలర్ టీవీ ఒకటి, పసుపు రంగుకు తిరిగిన కంప్యూటర్లు నాలుగు, ఇంగ్లీషు ఉచ్చారణ నేర్పడానికి వచ్చిన హెడ్‌ఫోన్ల మూట ఒకటి. ప్రతి ఒక్కరూ వచ్చిన రోజున రిబ్బను కత్తిరించారు. ఇక చదువు తీరే మారిపోతుందని ప్రతిసారీ ఎవరో ఒకరు మైకులో చెప్పారు. నా గురించి చెప్పినప్పుడు నేను నమ్మాను. అప్పుడు నాకు చిన్నతనం.

నన్ను ఎక్కడో సముద్రం అవతల బిగించి, హైదరాబాదుకు తెచ్చి చదువు నింపారు. ఆరు నుంచి పది దాకా పాఠాలన్నీ రెండు రోజుల్లో నాలోకి దిగిపోయాయి. పిల్లలకు ఐదేళ్ళు పట్టేది నాకు రెండు రోజులు పట్టింది, అందుకే కాబోలు నాకు ఒక్క ముక్కా అర్థం కాలేదు. పాఠాలు చదివింది ఒకావిడ. త్రిభుజాల పాఠం చదివిన రోజున ఆవిడకు జలుబు చేసింది, ఆ జలుబు ఇప్పటికీ నాలో ఉంది. జవాబు సరైనదైతే "శభాష్!" అంటుంది. ఆవిడ అన్నది ఒక్కసారే. దాన్నే నేను వేలసార్లు పంచిపెట్టాను. ఆ మాట వినిపించగానే, ఏ పిల్ల పేరు మీద బోర్డు తెరిచారో ఆ పేరు తెర మీద పెద్దగా పడుతుంది.

ఆదోనికి అవతల, వాన మొహం చాటేసే మెట్ట పల్లెల్లో ఒక హైస్కూలు నాకు దక్కింది. నన్ను గోడకు బిగించిన రోజున టెంకాయ కొట్టారు. కొత్త ట్రాక్టరుకు పెట్టినట్టే నాకూ గంధం, కుంకుమ పెట్టారు. పూజారి మూడు మూలల్లో చట్రం మీద సన్నగా బొట్టు పెట్టి, కుడివైపు కింది మూలకు వచ్చేసరికి గిన్నెలో గంధం ఇంకా మిగిలిందని అంతా అక్కడే మెత్తాడు. అది చట్రం దాటి తెర మీదికి పాకి, ఎండి పెచ్చు కట్టింది. నేను వేలి తాకిడిని కనిపెట్టేది ఆ చట్రంలోని సన్నని వెలుతురుతోనే. ఆ పెచ్చు అడ్డం పడి ఆ మూల నాకు స్పర్శ పోయింది.

నా ప్రశ్నలకు నాలుగు జవాబులుంటాయి. పైన రెండు, కింద రెండు. నాలుగోది సరిగ్గా ఆ మూలకే వస్తుంది. పిల్లలు నాలుగోది నొక్కితే నేను ఉలకను, పలకను. అర నిమిషం గడిచాక "తప్పు" అంటాను. రెండు నెలలకు ఆ తరగతి పిల్లలందరూ నాలుగో జవాబు ఎప్పుడూ తప్పేనని తేల్చేసుకున్నారు. కాగితం మీద రాసే పరీక్షల్లో కూడా నాలుగోది గుర్తించడం మానేశారు. లెక్కల టీచరు భ్రమరాంబ మార్కులు చూసి తల పట్టుకుంది గానీ, కారణం వెతికే తీరిక ఆమెకు లేదు. మధ్యాహ్నం గుడ్ల ఫోటో ఒక యాప్‌లో, మరుగుదొడ్ల ఫోటో ఇంకో యాప్‌లో, తన ముఖం మూడో యాప్‌లో ఎక్కించాలి. పాఠం చెప్పడానికి మాత్రం యాప్ లేదు కాబట్టి అది చివరికి మిగిలేది.

నేను రోజుకు ఎన్ని గంటలు నడిచానో, ఏ పిల్ల ఎన్ని ప్రశ్నలకు జవాబిచ్చిందో పైవాళ్ళకు కనిపిస్తుంది. నడిస్తే పచ్చ రంగు, నడవకపోతే ఎరుపు. వరసగా నెల రోజులు జవాబివ్వని పిల్ల పేరు దానంతటదే బడి లెక్కలోంచి ఎగిరిపోతుంది. హెడ్మాస్టరు దానియేలు సారుకు నిద్ర పట్టకుండా చేసింది ఈ చివరి సంగతే. దసరా అయ్యాక ఉరుకుందమ్మ అనే పిల్ల తల్లిదండ్రులతో గుంటూరు వైపు మిరప కోతలకు వెళ్ళిపోయింది. దాన్ని అక్కడ సుగ్గికి పోవడం అంటారు. ఆ ఒక్క పేరు పోతే పిల్లల సంఖ్య తగ్గి లెక్కల పోస్టు ఎత్తేస్తారు. భ్రమరాంబ వేరే ఊరికి, మిగిలిన పిల్లలు దేవుడి దయకు.

సారు చెడ్డవాడు కాదు. ఆవరణలోనే ఉన్న అంగన్‌వాడీ ఆయా సుంకులమ్మను పిలిచాడు.

"సాయంత్రం పిల్లలు పోయినాక ఒక గంట ఈ బోర్డు కాడ కూసోమ్మా. ఉరుకుందమ్మ నంబరు కొట్టు. ఏదో ఒకటి ఒత్తుతా ఉండు. ఏం ఒత్తినా పర్వాలేదు."

సుంకులమ్మకు నలభై నాలుగేళ్ళు. ఏడో తరగతిలో ఉండగా ఆమెనూ సుగ్గే లాక్కుపోయింది. పద్నాలుగేళ్ళుగా ఆయా పని చేస్తోంది. వచ్చే జూన్‌లో అంగన్‌వాడీ టీచరు దిగిపోతుంది. పది పాసైన ఆయా ఉంటే ఆ కుర్చీ ఆయాదే, కానీ నలభై ఐదు దాటితే కాదు. ఓపెన్ స్కూల్లో పరీక్ష రాసి, అన్నీ పాసై, లెక్కల్లో పదకొండు మార్కులతో ఆగిపోయింది. మార్చిలో మళ్ళీ పరీక్ష. ఆమెకు అదే ఆఖరిది.

మొదటి సాయంత్రం ఆమె చేసిన పని నన్ను తుడవడం. తడిగుడ్డతో మూల మూలా తుడిచింది. గంధం పెచ్చును గోటితో మెల్లగా గీకి, పారేయడానికి మనసొప్పక, నా పక్కన గోడ మీద కొత్తగా బొట్టు పెట్టి దణ్ణం పెట్టుకుంది. అన్ని నెలల తర్వాత నా కుడి మూలకు ప్రాణం వచ్చింది. పిల్లలకు ఆ సంగతి తెలియదు. వాళ్ళు అప్పటికే నాలుగోదాని మీద ఆశ వదిలేసుకున్నారు.

ఏదో ఒకటి నొక్కమన్నారు గానీ, ఆమె ఏదో ఒకటి నొక్కే మనిషి కాదు. కింది తరగతుల లెక్కల నుంచి మొదలుపెట్టింది. నాలోని ఆవిడను టీచరమ్మా అని పిలిచేది.

"నిదానంగా చెప్పు టీచరమ్మా, నీకేం తొందర? బస్సుందా?" అనేది. త్రిభుజాల పాఠం వచ్చినప్పుడు, "పాపం, పడిశం పట్టినట్లుందే. మిరియాల కషాయం తాగు," అనేది.

నా ముందు కూర్చున్న అంతమందిలో నాలోని మనిషికి జలుబు చేసిందని గమనించినది ఆమె ఒక్కతే. అప్పుడు నాకు సంతోషం వేసింది. ఆ మాట చెప్పడానికి సిగ్గుపడను. ఒక్కో పాఠం పదిసార్లు వేయించుకునేది. తప్పు చేస్తే నాలుక కరుచుకునేది. ఒప్పు అయితే నేను "శభాష్!" అనేదాన్ని, తెర మీద "ఉరుకుందమ్మ" అని పడేది. ఆ పేరు వంక చూసి నవ్వుకుని, చెంగుతో ముఖం తుడుచుకుని తర్వాతి ప్రశ్నకు వెళ్ళేది. ఆమె పేరు నా దగ్గర లేదు. ఎవరూ ఎక్కించలేదు.

సంక్రాంతి సెలవులయ్యాక పైనుంచి జాబితా వచ్చింది. డివిజన్ మొత్తంలో డిజిటల్ చదువులో మొదటి స్థానం ఈ బడి పిల్లదే, పేరు ఉరుకుందమ్మ. శాలువా, ప్రశంసాపత్రం తీసుకుని ఒక అధికారి వస్తున్నాడు. దానియేలు సారుకు చెమటలు పట్టాయి. అసలు ఉరుకుందమ్మ ఆ సమయానికి నాలుగు జిల్లాల అవతల మిరపచేలో ఉంది. ఏం చేయాలో తోచక ఆయన ఈరమ్మ అనే పిల్లను పిలిచి, ఒక్క అరగంట ఉరుకుందమ్మలా నిలబడమని బతిమాలాడు.

అధికారి వచ్చాడు. శాలువా కప్పాడు. ఫోటోలయ్యాయి. అక్కడితో వెళ్ళిపోయి ఉంటే ఈ కథే లేదు. వీడియో కూడా ఉంటే బాగుంటుందని ఆయనకు బుద్ధి పుట్టింది. నా మీద ఒక తేలిక ప్రశ్న తెరిచాడు. త్రిభుజంలో ఒక కోణం యాభై, ఇంకోటి అరవై, మూడోది ఎంత? ఈరమ్మ మనసులో లెక్క కట్టింది. డెబ్భై. పెదవులు కదలడం నేను చూశాను. కానీ డెబ్భై నాలుగో చోట ఉంది. పిల్ల వేలు నాలుగోదాని దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి మూడోది నొక్కింది.

"తప్పు," అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నా మీద నాకే విసుగు పుట్టింది.

అధికారి ఫోను దించాడు. "ఇంత చిన్న లెక్క రాదా? ఇన్నాళ్ళూ ఎవరి జవాబులమ్మా నొక్కావు? కాపీ కొట్టి శాలువా కప్పించుకుంటావా?"

ఈరమ్మ కళ్ళ నీళ్ళు శాలువా మీద పడ్డాయి. దానియేలు సారు నేల చూపులు చూస్తున్నాడు. భ్రమరాంబ ముఖం పాలిపోయింది. టీ గ్లాసుల పళ్ళెంతో సుంకులమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. నాలుగోది ఎప్పుడూ తప్పేనని పిల్లలు చెప్పుకోవడం ఆవరణలో ఆమె చెవిన పడ్డదే, ఇప్పుడు పిల్ల వేలు వెనక్కి రావడమూ చూసింది. నోరు విప్పితే సారు పరువు, టీచరు పోస్టు, తన సాయంత్రపు గంట, మూడూ పోతాయి. పరీక్షకు ఇంకా నలభై రోజులున్నాయి. ఆమె పిల్ల వంక చూసింది. పళ్ళెం బెంచీ మీద పెట్టింది.

"ఆ పాపను అనొద్దు సార్. ఆ పాపకు జవాబు తెలుసు. నాలుగోది ఒత్తేది వీళ్ళకు అలవాటు ల్యాదు, అంతే. ఇన్ని దినాలు ఈడ కూసోని ఒత్తింది నేను."

నా దగ్గరికి వచ్చి, అదే ప్రశ్న మళ్ళీ తెరిచి నాలుగోది నొక్కింది.

"శభాష్!" అన్నాను. తెర మీద ఉరుకుందమ్మ పేరు పెద్దగా వెలిగింది.

అధికారికి సంగతి అర్థమైంది. అయితే ఆ పేరుతో జాబితాను పైకి పంపి సంతకం పెట్టింది ఆయనే. పిల్ల దొంగదంటే ఆయన జాబితా దొంగదవుతుంది. టీ తాగుతూ చాలాసేపు ఆలోచించి, చివరికి తప్పు చేసినదాన్ని కనిపెట్టాడు. అది నేను. "బోర్డులో సాంకేతిక లోపం వల్ల గణాంకాలు తారుమారయ్యాయి" అని రాసుకున్నాడు. అంతమంది మనుషులున్న గదిలో నోరు లేనిదాన్ని నేనొక్కదాన్నే కదా. ఆ ఏడాదికి పేర్లన్నీ ఉన్నచోటే ఉండిపోయాయి, పోస్టూ ఉండిపోయింది. వారం తిరక్కుండా నా మేకులు ఊడదీశారు. నా చోట కొత్త బోర్డు వచ్చింది. అది పిల్లల ముఖం చూస్తేనే తెరుచుకుంటుంది. సుంకులమ్మ ముఖానికి తెరుచుకోలేదు.

స్టోరు రూములో నా పక్కనున్న రేడియో ఏమీ అడగలేదు. దానికి ఇలాంటివన్నీ పాతవే. నాకు మాత్రం ఒక్కటే దిగులు. బీజగణితంలో ఆమెకు ఇంకా మూడు పాఠాలు మిగిలిపోయాయి.

నాలుగో రోజు మధ్యాహ్నం తలుపు తెరుచుకుంది. భ్రమరాంబ టీచరు, వెనక సుంకులమ్మ. అంగన్‌వాడీ పిల్లలు అన్నం తిని పడుకునే గంట అది. తరగతి గదిలో చిన్న పిల్లల ముందు కూర్చోవడానికి ఆయాకు బిడియం.

"నీకెందుకు మేడం ఈ తిప్పలు?" అంది సుంకులమ్మ.

"నా పోస్టు నిలబడింది నీ లెక్కల వల్ల. ఆ లెక్కలు నేను చెప్పకపోతే ఇంకెవరు చెప్తారు? కూర్చో."

రాయడానికి అక్కడ నల్లబల్ల లేదు. టీచరు చుట్టూ చూసి, సుద్దముక్కను నీళ్ళలో ముంచి నా తెర మీద గీసి చూసింది. మొదట కనబడలేదు. తడి ఆరేకొద్దీ తెల్లగా తేలింది. లక్షల రంగులు చూపగల తెర నాది. దాని మీద ఒక మనిషి చేత్తో "x" అని రాసింది. ముప్పై రోజులు నేను నల్లబల్లగా పనిచేశాను. కరెంటు లేకుండా, శభాష్ అనకుండా. భ్రమరాంబ నా టీచరమ్మలా ప్రతి జవాబుకూ మెచ్చుకోదు. "మళ్ళీ చెయ్యి" అంటుంది. అర్థం కాకపోతే కోప్పడుతుంది, తర్వాత ఇంకోలా చెబుతుంది. ఇంకోలా చెప్పడం నాకు ఎప్పుడూ చేతకాలేదు.

ఎండాకాలంలో ఫలితాలొచ్చాయి. ఆ రోజు సుంకులమ్మ ఒక పిల్లను వెంటబెట్టుకుని వచ్చింది. మిరపఘాటుకు చేతులు ఎర్రబడి ఉన్నాయి. ఇన్నాళ్ళూ నా తెర మీద వెలిగిన ఉరుకుందమ్మను నేను మొదటిసారి చూశాను. మార్కుల కాగితాన్ని పిల్ల కూడబలుక్కుని చదివింది.

"లెక్కలు... నలభై ఒకటి. పాసు. నా పేరు మీద సదివినావంట గదా అత్తా?"

"సదివినా. నీ పేరు వాడుకుంటి. ఇంగ నీకిచ్చేస్తుండా, సెలవులైనాక బడి తెరిచిన దినం నుంచే రా. మీ నాయనతో నేను మాట్లాడుతా."

తర్వాత ఆమె అలవాటు కొద్దీ కొంగుతో నన్ను తుడిచింది. కుడివైపు కింది మూల మరీ జాగ్రత్తగా తుడిచింది. సుద్దముక్కను తడిపి, ఆ మూలలో, నాలుగో జవాబు వచ్చే చోట, మెల్లగా తన పేరు రాసుకుంది. సుంకులమ్మ. పక్కన నలభై ఒకటి.

శభాష్ అనాలని ఎంతగానో అనిపించింది. అన్ని వేల సార్లు అన్న మాటే అది, కానీ అనాల్సిన ఒక్కసారికి నాలో కరెంటు లేదు. వాళ్ళు తలుపు వేసి వెళ్ళిపోయారు. ఆ పేరు నా మీద ఇంకా ఉంది. ఇప్పటిదాకా ఎవరూ తుడవలేదు.